చీకటియే బంధువర్గం: మెటల్, హార్డ్‌కోర్ వినే క్రైస్తవులు

2001 సెప్టెంబర్ 11, మంగళవారం. అమెరికాలో అప్పట్లో కొత్త ఆల్బమ్‌లు మంగళవారాలే దుకాణాల్లోకి వచ్చేవి. న్యూయార్క్‌లో జంట టవర్లు కూలిన ఆ రోజునే రెండు మెటల్ ఆల్బమ్‌లు విడుదలయ్యాయి. మెటల్ అంటే భారీ గిటార్ మోతతో, అరుపులతో సాగే రాక్ సంగీతం. ఒకటి స్లేయర్ బ్యాండ్‌ది. పేరు 'గాడ్ హేట్స్ అస్ ఆల్', అంటే దేవుడికి మనమెవరమూ గిట్టం అని. రెండోది శాన్ డియేగో బ్యాండ్ పి.ఓ.డి. చేసిన 'శాటిలైట్'. పి.ఓ.డి. కుర్రాళ్లు క్రైస్తవులు, ఆ సంగతి ఎక్కడా దాచుకోలేదు. ఆ ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే 30 లక్షల కాపీలు దాటింది.

ఇంతవరకు చూస్తే ఒకటి సాతానుది, ఒకటి యేసుది అని రెండు గంపల్లో వేసేయొచ్చు. చిక్కేమిటంటే, స్లేయర్ గాయకుడు టామ్ అరాయా క్యాథలిక్. చిలీలో పుట్టి, చిన్నప్పుడే కాలిఫోర్నియా చేరిన కుటుంబం. తాను విశ్వాసినేనని ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పాడు. ఆ ఆల్బమ్‌లో చాలా పాటలకు మాటలు రాసిన గిటారిస్ట్ కెర్రీ కింగ్ నాస్తికుడు. నాస్తికుడు రాసిన దైవనిందను ఆదివారం ప్రార్థన చేసుకునేవాడు గొంతు చించుకుని పాడాడు. 'క్రైస్తవుడు మెటల్ వినొచ్చా' అని అడిగేవాళ్లు గమనించాల్సింది ఇదే. క్రైస్తవులు ఆ గదిలోకి కొత్తగా వచ్చినవాళ్లు కారు, మొదటినుంచీ అక్కడే ఉన్నారు.

మొదలంటే ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్. ఫ్యాక్టరీల ఊరు. బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న, కావాలనే శుక్రవారం చూసి వదిలారు. 13వ తేదీ శుక్రవారం పడితే అపశకునమని పాశ్చాత్యుల నమ్మకం. గిటారిస్ట్ టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, కుడిచేతి రెండు వేళ్ల చివరలు మిషన్‌లో పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ తొడుగులు చేసుకుని, సన్న తీగలు వేసుకుని, తర్వాత నొప్పి తగ్గేలా శ్రుతి కూడా దించాడు. మెటల్‌లోని ఆ బరువైన, కింది శ్రుతి గర్జనకు మూలం ఒక కార్మికుడికి జరిగిన ప్రమాదం. నరకం సంగతి తర్వాత.

ఇక పాటల మాటలు ఎక్కువగా రాసింది గీజర్ బట్లర్. ఐరిష్ క్యాథలిక్ ఇంట్లో పెరిగినవాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో ఆయన రాసిన ఒక పాట, చావు తర్వాత ఏమవుతుందని ఎప్పుడైనా ఆలోచించావా, దేవుణ్ణి నమ్ముతానని చెప్పడానికి స్నేహితులకు భయపడుతున్నావా అని వినేవాణ్ణి నిలదీస్తుంది. ఉజ్జీవ సభలో ప్రసంగీకుడు అడిగే ప్రశ్నలివి. బ్యాండ్ సభ్యుల మెడల్లో వేలాడిన సిలువలు గాయకుడు ఆజీ ఆజ్‌బర్న్ తండ్రి తన చేత్తో చేసిచ్చినవి. ఇవేవీ లెక్కలోకి రాకుండా, బ్యాండ్ పేరు చూసి, అట్ట మీది బొమ్మ చూసి, ఇది సాతాను సంగీతమని ముద్ర వేశారు.

ఆ ముద్రకు శాస్త్రం కూడా తోడు తెచ్చారు. సబ్బత్ మొదటి పాటలో మూడే స్వరాలు: సా, పై స్థాయి సా, ఆ తర్వాత ప్రతి మధ్యమం. సా నుంచి ప్రతి మధ్యమానికి ఉన్న ఆ దూరాన్ని పాశ్చాత్య సంగీతంలో ట్రైటోన్ అంటారు. దానికి 'సంగీతంలో సాతాను' అనే లాటిన్ పేరుంది, మధ్యయుగాల్లో చర్చి దాన్ని నిషేధించింది అని ఇప్పటికీ మెటల్ అభిమానులూ చెబుతారు, మెటల్‌ను తిట్టేవాళ్లూ చెబుతారు. ఆ పేరు 18వ శతాబ్దపు సంగీత పాఠ్యగ్రంథాల్లో కనిపిస్తుంది. చర్చి నిషేధించిందనడానికి మాత్రం దాఖలా లేదు. బృందంగా పాడేటప్పుడు శ్రుతి నిలబెట్టడం కష్టమని దాన్ని తప్పించమనేవారు, అంతే. తెలుగువాళ్లకు ఈ గొడవ మరీ వింతగా ఉండాలి. కల్యాణి రాగమంతా ప్రతి మధ్యమమే. తంబూరా సా మీద ఆ స్వరం గంటలకొద్దీ నిలుస్తుంది. త్యాగరాజు 'నిధి చాల సుఖమా' అని రాముణ్ణి తలచుకుంది ఆ రాగంలోనే.

అయితే అనుమానం అంతా ఉత్తదే అనడం కూడా నిజాయితీ కాదు. 1981, 82 వచ్చేసరికి ఇంగ్లండ్ బ్యాండ్ వెనమ్ సాతాను బొమ్మలను నేరుగా అట్టమీదికి ఎక్కించింది. ఆ బ్యాండ్‌కి అదొక నాటకం, హారర్ సినిమా లాంటి సరదా. చూసేవాళ్లకు ఆ తేడా తెలియాలని ఏముంది? అమెరికాలో అది అధ్యక్షుడు రీగన్ కాలం, టీవీ బోధకుల కాలం. సాతాను ఆరాధకులు పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లు కోర్టుల దాకా వెళ్లిన కాలం. 1985 సెప్టెంబర్ 19న అమెరికా సెనేట్ కమిటీ ముందు రాక్ పాటల మాటల మీద విచారణ జరిగింది. ట్విస్టెడ్ సిస్టర్ గాయకుడు డీ స్నైడర్ చింపిరి జుట్టు, చేతుల్లేని డెనిమ్ జాకెట్‌తో వచ్చి కూర్చుని, తాను క్రైస్తవుడిగా పుట్టి పెరిగానని, ఆ సూత్రాలనే ఇప్పటికీ పాటిస్తున్నానని, మద్యం, సిగరెట్, మత్తుమందులు ముట్టనని చెప్పాడు. చివరికి మిగిలింది అట్టమీద తల్లిదండ్రులను హెచ్చరించే ఆ నలుపు తెలుపు స్టిక్కర్. కుర్రాళ్లు ఆ స్టిక్కర్ ఉందో లేదో చూసి మరీ కొన్నారు.

ఈ గొడవకు ముందే మరో దారి మొదలైంది. 1960ల చివర కాలిఫోర్నియాలో హిప్పీలు గుంపులుగా యేసు వైపు తిరిగారు. వాళ్లను జీసస్ పీపుల్ అన్నారు. లారీ నార్మన్ 1969లో చేసిన ఆల్బమ్‌ను క్రైస్తవ రాక్‌కు మొదటి మెట్టుగా చెబుతారు. మంచి పాటలన్నీ సాతానుకే ఎందుకు వదిలెయ్యాలి అన్న ప్రశ్నను ఆయన పాట చేశాడు. ఆ మాట ఆయన సొంతం కాదు. మార్టిన్ లూథర్ అన్నాడని కొందరు, సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు బూత్ అన్నాడని కొందరు అంటారు. లండన్ బోధకుడు రోలాండ్ హిల్‌కు దాన్ని ఆపాదించడమే సబబుగా కనిపిస్తుంది. లూథర్ సారాకొట్టు పాటల బాణీలకు కీర్తనలు రాశాడన్న కథ కూడా ఇలాంటిదే. జర్మన్ సంగీతంలో ఒక పాట కట్టుబడికి 'బార్' అని పేరు. అది చదివి ఎవరో తాగే బార్ అనుకున్నారు.

షికాగోలో జీసస్ పీపుల్ యుఎస్ఏ అనే సమష్టి జీవన సంఘం ఉంది. ఆస్తులు ఉమ్మడి, భోజనం ఉమ్మడి. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయాన్ని అక్షరాలా పాటించే ప్రయత్నం. ఆ సంఘంలోంచే 1972లో రిజరెక్షన్ బ్యాండ్ పుట్టింది. గ్లెన్ కైజర్ గొంతు, పచ్చి బ్లూస్ గిటార్. పేదరికం, జాతి వివక్ష, మత్తుమందుల మీద పాటలు. 1978లో వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు క్రైస్తవ పుస్తకాల షాపులు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడ్డాయి. ఇదే సంఘం 1984 నుంచి 2012 దాకా ఇల్లినాయ్ పొలాల్లో కార్నర్‌స్టోన్ అనే సంగీతోత్సవం నడిపింది. ఎండలో, బురదలో, డేరాల్లో పడుకుని పంక్, మెటల్, గాథ్ బ్యాండ్‌లను విన్న క్రైస్తవ కుర్రాళ్లకు ఇలాంటివాళ్లం ఇంకా ఉన్నామని తెలిసింది అక్కడే. ఆదివారం చర్చిలో నల్ల టీషర్టుతో ఒంటరిగా కూర్చునేవాడికి అది చిన్న సంగతి కాదు.

జనం దృష్టిలో క్రైస్తవ మెటల్ అంటే మాత్రం స్ట్రైపర్. కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీ బ్యాండ్. పసుపు, నలుపు చారల దుస్తులు, ఎత్తుగా లేపిన జుట్టు, కళ్లకు కాటుక. స్టేజీ మీంచి కొత్త నిబంధన ప్రతులు జనంలోకి విసిరేవాళ్లు. ఆ చారలకు ఆధారం యెషయా 53:5. ఇంగ్లిష్ బైబిల్లో అక్కడ 'స్ట్రైప్స్' అని ఉంది. కొరడా దెబ్బల చారలనీ వస్తుంది, బట్ట మీది చారలనీ వస్తుంది. తెలుగు బైబిల్లో 'అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది' అని ఉంటుంది. దెబ్బల్లో చారలు కనపడవు కాబట్టి ఈ శ్లేష మనకు అందదు. 1986లో వాళ్ల మూడో రికార్డు పది లక్షలు దాటింది, ఎంటీవీలో మోగింది.

స్ట్రైపర్ కథలో అసలు ముల్లు వేరే. బ్యాండ్ మూలస్తంభాలైన స్వీట్ అన్నదమ్ముల కుటుంబం విశ్వాసంలోకి వచ్చింది టీవీలో జిమ్మీ స్వాగర్ట్ ప్రసంగాలు చూసి. అదే స్వాగర్ట్ 1987లో క్రైస్తవ రాక్‌ను గొర్రెతోలు కప్పుకున్న తోడేలని తిడుతూ పుస్తకం వేశాడు. (మరుసటి ఏడాది ఆయనే టీవీలో ఏడుస్తూ పాపం ఒప్పుకోవాల్సి వచ్చింది, అది వేరే కథ.) మెటల్ అభిమానులకేమో వీళ్లు కామెడీ. అటు చర్చి నమ్మదు, ఇటు కచేరీల్లో కుర్రాళ్లు నమ్మరు. క్రైస్తవ మెటల్ అభిమాని ఇప్పటికీ నిలబడి ఉన్నది ఆ గట్టు మీదే.

ఈ దశలో మార్కెట్ ఒక పరిష్కారం కనిపెట్టింది. 1980లు, 90ల్లో అమెరికా క్రైస్తవ పుస్తకాల షాపుల్లో గోడకు చార్టులు ఉండేవి. ఎడమవైపు లోకసంబంధమైన బ్యాండ్ పేరు, కుడివైపు దానికి బదులుగా వినదగిన క్రైస్తవ బ్యాండ్ పేరు. మీ అబ్బాయి మెటాలికా వింటున్నాడా, అయితే ఇది కొనివ్వండి అని. చక్కెర జబ్బువాడికి షుగర్ ఫ్రీ స్వీటు అమ్మినట్టు. తల్లిదండ్రులకు టెన్షన్ తగ్గింది, షాపుకు అమ్మకం పెరిగింది. వినేవాడికి ఏం కావాలో మాత్రం ఎవరూ అడగలేదు. 1985లో టెక్సస్ నుంచి మొదలైన 'హెవెన్స్ మెటల్' పత్రిక కొంత నయం. అది క్రైస్తవ బ్యాండ్‌ల గురించి రాయడంతో ఆగకుండా, లోకంలో పేరున్న రాక్ కళాకారుల దగ్గరికి వెళ్లి యేసు గురించి మీరేమనుకుంటారని అడిగి, వచ్చిన జవాబు వచ్చినట్టు వేసేది.

ఇంతకీ ఆ కుర్రాడికి ఏం కావాలి? అమెరికాలో అతి పెద్ద క్రైస్తవ రేడియో నెట్‌వర్క్ కె-లవ్ తన గురించి చెప్పుకునే రెండు మాటలు 'పాజిటివ్, ఎంకరేజింగ్'. ఆ జల్లెడ పడితే బైబిల్లోని కీర్తనల గ్రంథంలో ఎంత మిగులుతుందో లెక్క వేసి చూడొచ్చు. 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొరలే అని పండితులు చెబుతారు. ఎక్కువ మొరలు చివరికొచ్చేసరికి ఎలాగోలా స్తుతి వైపు తిరుగుతాయి. 88వ కీర్తన అలా కూడా తిరగదు. 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అన్న మాటతో ఆగిపోతుంది. దీన్ని నాలుగు తియ్యటి గిటార్ కార్డ్స్ (స్వరాల గుత్తులు) మీద, చేతులెత్తించే కోరస్‌తో పాడటం కుదరదు. కింది శ్రుతిలో, నెమ్మదిగా ఈడ్చే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పలుకు) మీద కుదురుతుంది. షికాగో బ్యాండ్ ట్రబుల్ 1984లో చేసింది దాదాపు అదే. సబ్బత్ బరువు, కీర్తనల గ్రంథం భాష. వాళ్లను ఎలా అమ్మాలో తెలియక రికార్డు కంపెనీ సాతాను పాటల బ్లాక్ మెటల్‌కు పోటీగా 'వైట్ మెటల్' అని పేరు పెట్టింది. బ్యాండ్‌కు ఆ పేరు పెద్దగా రుచించలేదు. విన్నవాళ్లు డూమ్ మెటల్ అన్నారు, అదే నిలిచింది.

బైబిల్లో చర్చి పాటలు ముట్టని భాగాలను మెటల్ ముట్టింది, కొన్నిసార్లు ఏ భక్తీ లేకుండానే. ఐగుప్తులో తొలిచూలు పిల్లల చావును, అంటే నిర్గమకాండం 12వ అధ్యాయాన్ని, మెటాలికా 1984లో సంహారదూత గొంతుతోనే పాడింది. ఐరన్ మెయిడెన్ 1982 ఆల్బమ్ పేరుపాట ప్రకటన గ్రంథం చదవడంతో మొదలవుతుంది. బోధకులు ఆ రికార్డులను తగలబెట్టించారు. ఆదివారం బడిలో ఆ అధ్యాయాలు దాటేసిన కుర్రాడు వాటిని మొదట విన్నది ఆ రికార్డుల్లోనే అయితే తప్పు ఎవరిది?

హార్డ్‌కోర్ పంక్ సంగతి వేరు. మెటల్‌లో రాక్షసులు, కోటలు, నరకం అన్నీ ఊహాలోకం. హార్డ్‌కోర్‌లో ఊహాలోకం లేదు. ఒకటిన్నర నిమిషం పాట, చిన్న హాలు, పాడేవాడికీ వినేవాడికీ మధ్య స్టేజీ ఎత్తు కూడా ఉండదు, మైకు చేతులు మారుతుంది. నువ్వు నమ్మిందే అరిచి చెప్పు, నమ్మనిది అరవకు అన్నదే అక్కడి నియమం. 1981లో వాషింగ్టన్ డీసీ బ్యాండ్ మైనర్ థ్రెట్ 46 సెకన్ల పాటలో, మత్తులో బతకను, నాకు అంతకన్నా మంచి పనులున్నాయి అని చెప్పింది. దాన్నుంచే మందు, పొగ, మత్తుమందులు ముట్టకుండా బతికే స్ట్రెయిట్ ఎడ్జ్ అనే పద్ధతి పుట్టింది. క్లబ్బుల్లో మైనర్లకు మందు పోయకుండా చేతిమీద గీసే X గుర్తును పెద్దవాళ్లయ్యాక కూడా సొంత ఇష్టంతో గీసుకున్నారు. చర్చిలో పెరిగిన కుర్రాడికి ఇది కొత్త దేశంలో సొంత ఊరివాడు కలిసినట్టు. ఇంట్లో పెద్దలు వద్దన్నవే ఇక్కడ తోటివాళ్లు వద్దంటున్నారు, పైగా అరిచి వద్దంటున్నారు.

హార్డ్‌కోర్‌లో దేవుడు కూడా కొత్త కాదు. డీసీలోని బ్యాడ్ బ్రెయిన్స్ రాస్తఫారి మతస్థులు. న్యూయార్క్ బ్యాండ్ క్రో-మ్యాగ్స్ 1986 ఆల్బమ్‌కు 'ది ఏజ్ ఆఫ్ క్వారెల్' అని పేరు పెట్టింది. అంటే మన కలియుగమే. బ్యాండ్‌లో ముఖ్యులు హరేకృష్ణ ఉద్యమానికి దగ్గరివాళ్లు. యూత్ ఆఫ్ టుడే గాయకుడు రే కాపో తర్వాత షెల్టర్ అనే బ్యాండ్ పెట్టి కృష్ణభక్తినే హార్డ్‌కోర్ చేశాడు. దాన్ని కృష్ణకోర్ అన్నారు. కృష్ణుణ్ణి నెమ్మదిగా మింగగలిగిన పంక్ ప్రపంచానికి క్రీస్తు దగ్గర మాత్రం గొంతు పట్టేసింది. కారణం వేదాంతం కాదు, అమెరికా రాజకీయం. కృష్ణభక్తులు ఓట్లు అడగలేదు. టీవీ బోధకులు అడిగారు, రీగన్ పక్కన నిలబడ్డారు. పంక్ బ్యాండ్ డెడ్ కెనెడీస్ 1981లో వేసిన రికార్డు ఎగతాళి చేసింది ఆ బోధకులనే, దేవుడి పేరు మీద నడిచే కంపెనీనే. స్వలింగ సంపర్కుల పట్ల, ఆడవాళ్ల పట్ల చర్చి చూపే తీరు మీద ఆ ప్రపంచానికి ఉన్న కోపం ఇప్పటికీ చల్లారలేదు. క్రైస్తవ హార్డ్‌కోర్ బ్యాండ్ ఎక్కడికెళ్లినా, నువ్వు ఎవరి తరఫున వచ్చావన్న ప్రశ్న ముందు ఎదురవుతుంది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

అయినా వచ్చారు. కాలిఫోర్నియా ఫ్రెస్నో నుంచి ది క్రూసిఫైడ్ 1980ల్లోనే త్రాష్ (వేగం పెంచిన మెటల్), హార్డ్‌కోర్ కలిపి కొట్టింది. 1993లో టూత్ అండ్ నెయిల్, 1997లో ఫేస్‌డౌన్ అనే క్రైస్తవ రికార్డు కంపెనీలు మొదలయ్యాయి. చర్చి బేస్‌మెంట్లు, యువజన హాళ్లు ఈ సంగీతానికి చోటిచ్చాయి. అద్దె తక్కువ, మందు లేదు, వయసు నిబంధన లేదు. హార్డ్‌కోర్‌కు సరిగ్గా కావాల్సినవి అవే. చిన్న ఊళ్లలో ఆ హాళ్లే లేకపోతే నమ్మకం లేని బ్యాండ్‌లకు కూడా వాయించడానికి చోటు దొరికేది కాదు. ఈ సంగతిని ఆ సంగీత చరిత్రలు రాసేవాళ్లు అంతగా పట్టించుకోరు.

బయటివాళ్లను భయపెట్టేది మోష్ పిట్. చేతులు కాళ్లు విసురుతూ ఒకరినొకరు గుద్దుకునే ఆ సుడిలో రాయని చట్టం ఒకటుంది. ఎవరైనా కింద పడితే చుట్టూ ఉన్నవాళ్లు ఆగి లేపుతారు. చట్టాన్ని అందరూ పాటిస్తారని కాదు, దెబ్బలు తగులుతాయి, పళ్లు ఊడతాయి. కానీ పూనకం వచ్చినవాళ్లను పట్టుకునే చేతులు మన జాతరల్లో ఎలా ఉంటాయో, పెంతెకొస్తు కూటాల్లో పడిపోయేవాళ్ల వెనక నిలబడే మనుషులు ఎలా ఉంటారో తెలిసినవారికి ఇది మరీ పరాయిగా అనిపించదు.

అసలు కష్టం నార్వేలో మొదలవుతుంది. 1992 జూన్ 6న బెర్గెన్ దగ్గర ఫాంటోఫ్ట్‌లో శతాబ్దాల నాటి చెక్క చర్చిని తగలబెట్టారు. తర్వాత మరికొన్ని. బ్లాక్ మెటల్ ముఠాలోని వార్గ్ వికెర్నెస్‌కు తోటి సంగీతకారుడి హత్య, చర్చిల దహనం కేసుల్లో 1994లో 21 ఏళ్ల శిక్ష పడింది. అప్పటిదాకా నాటకం అనుకున్నది నాటకం కాకుండా పోయింది. అదే 1994లో హోర్డ్ అనే పేరుతో ఒక ఆల్బమ్ వచ్చింది. అదే కీచు గిటార్, ఆపకుండా డ్రమ్స్ బాదే అదే బ్లాస్ట్ బీట్, అదే పీకనొక్కిన అరుపు, పాటలు మాత్రం క్రీస్తువి. చేసింది ఆస్ట్రేలియా డ్రమ్మర్ జేసన్ షెర్లాక్ ఒక్కడే. దాన్ని వేసిన జర్మన్ కంపెనీ న్యూక్లియర్ బ్లాస్ట్‌కు బెదిరింపులు వచ్చాయి. ఈ రకానికి తర్వాత 'అన్‌బ్లాక్' అనే పేరొచ్చింది.

హోర్డ్ ఒక వాదాన్ని తేల్చింది, ఇంకోదాన్ని లేపింది. శబ్దంలోనే సాతాను ఉంటే ఆ ఆల్బమ్ సాధ్యమే కాదు, కాబట్టి ఆ వాదన చచ్చింది. మరోవైపు, క్రైస్తవాన్ని ద్వేషించడమే బ్లాక్ మెటల్‌కు నిర్వచనం, అది తీసేస్తే మిగిలేది వేషమే అన్న ఛాందస అభిమానుల మాటను కొట్టిపారేయడం కష్టం. భజన బాణీలో నాస్తిక పాట కట్టొచ్చు, దాన్ని భజన అనగలమా అన్నట్టుంటుంది. ఈ ఒక్క విషయంలో శత్రువుల వాదనే కొంచెం బలంగా కనిపిస్తుంది.

మరి విశ్వాసి ఆ చర్చిలు కాల్చినవాళ్ల రికార్డులు కొనొచ్చా? అమెరికాలో, యూరప్‌లో ఈ అభిమానులు వాదించుకునేటప్పుడు తిరిగి తిరిగి వచ్చేది మొదటి కొరింథీయులకు పత్రిక 8వ అధ్యాయం, విగ్రహాలకు అర్పించిన మాంసం తినొచ్చా అన్న చర్చ. వాళ్లకది పుస్తకంలోని ఉపమానం. తెలుగు క్రైస్తవ ఇళ్లలో అది పక్కింటివాళ్లు ఇచ్చిన ప్రసాదం. పులిహోర పులిహోరే, విగ్రహం వట్టిదే అని తినేవాళ్లున్నారు. చేతిలోకి తీసుకుని, మర్యాదగా పక్కన పెట్టేవాళ్లున్నారు. గుమ్మంలోనే వద్దని, స్నేహం పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. పౌలు తినడం తప్పు కాదన్నాడు, బలహీనుడైన సహోదరుడికి అడ్డుబండ కావద్దన్నాడు. రెండు మాటలూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి కాబట్టి ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటారు. మెగాడెత్ నాయకుడు డేవ్ మస్టేన్ మారుమనస్సు పొందాక, 2005లో రాటింగ్ క్రైస్ట్ ('కుళ్లిపోతున్న క్రీస్తు' అని అర్థం), డిసెక్షన్ బ్యాండ్‌లతో ఒకే వేదిక ఎక్కనన్నాడు. ఐరన్ మెయిడెన్ డ్రమ్మర్ నికో మెక్‌బ్రెయిన్ 1999లో విశ్వాసంలోకి వచ్చి, ప్రకటన గ్రంథంలోని మృగపు సంఖ్య 666 మీది పాటకు యథాప్రకారం డ్రమ్స్ వాయించాడు. పాస్టరు కొడుకైన అలిస్ కూపర్ విశ్వాసానికి తిరిగొచ్చాక కూడా స్టేజీ మీద తల నరికించుకోవడం మానలేదు. ముగ్గురూ చదివేది ఆ బైబిలే.

క్రైస్తవ మెటల్‌కు బయటి శత్రువులకన్నా ఎక్కువ చేటు చేసింది 'క్రైస్తవ' అన్న ఆ లేబులే. 2006లో అండర్ఓత్ ఆల్బమ్ బిల్‌బోర్డ్ జాబితాలో నేరుగా రెండో స్థానంలో దిగింది. అరుపుల సంగీతానికి అది ఊహించని ఎత్తు. ఆ స్థాయిలో విశ్వాసం ఒక ఉద్యోగ అర్హత అవుతుంది. పుస్తకాల షాపులు, చర్చి పండుగలు, యువజన పాస్టర్లు అడిగేది ఒక హామీ: వీళ్లు మనవాళ్లేనా? ఇరవై ఏళ్లకు సంతకం పెట్టినవాడికి ముప్ఫైలో సందేహం వస్తే దాన్ని ఎక్కడ చెప్పుకోవాలి? చెబితే జీతం పోతుంది, చెప్పకపోతే ప్రతి రాత్రీ మైకు ముందు అబద్ధం. నమ్మింది మాత్రమే అరవాలన్న నియమంతో పుట్టిన సంగీతానికి ఇంతకన్నా ఉరి లేదు. అండర్ఓత్ సభ్యులు 2018 నాటికి తమది ఇక క్రైస్తవ బ్యాండ్ కాదని బాహాటంగా చెప్పేశారు. వెంజెన్స్ రైజింగ్ గాయకుడు అంతకు చాలా ముందే విశ్వాసం వదిలేసి, పాత అభిమానులతోనే వాదనకు దిగాడు. యాజ్ ఐ లే డయింగ్ గాయకుడు టిమ్ లాంబెసిస్ భార్యను చంపించడానికి మనిషిని మాట్లాడబోయి 2013లో పట్టుబడ్డాడు, 2014లో ఆరేళ్ల శిక్ష పడింది. ఆ కేసు నడుస్తుండగానే, తనకు ఎప్పుడో నమ్మకం పోయిందని, క్రైస్తవ బ్యాండ్‌లుగా తిరిగేవాళ్లలో చాలామంది పరిస్థితి అదేనని చెప్పాడు.

ఆ వార్తలు చదివిన అభిమాని తన గదిలో అవే రికార్డులతో మిగిలాడు. పదిహేనేళ్ల వయసులో చచ్చిపోవాలనిపించిన రాత్రి తనను ఆపిన పాటను పాడినవాడే నమ్మలేదంటే ఆ రాత్రి నిజమా కాదా? నిజమే అనాలి. పాట పాడేవాడి దగ్గర్నుంచి వినేవాడి దగ్గరికి వచ్చాక వినేవాడి ప్రార్థన అవుతుంది. ఇది తెలిసిన కొందరు రికార్డులు ఉంచుకున్నారు. కొందరు అమ్మేశారు. కొందరు బ్యాండ్‌లతో పాటే చర్చిని కూడా వదిలేశారు, వాళ్లు తక్కువమందేమీ కాదు.

లేబుల్ లేకుండా చోటిచ్చిన చర్చిల కథ వేరుగా ఉంది. ఫిన్లాండ్‌లో 2006 నుంచి మెటల్ ఆరాధన నడుస్తోంది. వాళ్ల భాషలో 'మెటల్లిమెస్సు'. కొత్త పాటలేమీ లేవు. లూథరన్ కీర్తనల పుస్తకంలోని తాతలనాటి పాటలనే డిస్టార్షన్ గిటార్, డబుల్ బేస్ డ్రమ్స్ మీద సంఘమంతా లేచి పాడుతుంది. ప్రసంగం, ప్రభురాత్రి భోజనం మామూలే. అదే ఏడాది మే నెలలో రాక్షసుల మాస్కులు వేసుకున్న ఫిన్లాండ్ బ్యాండ్ లోర్డి హల్లెలూయా అని అరుస్తూ యూరోవిజన్ పాటల పోటీ గెలిచింది. మెటల్ ఇంటి సంగీతమైన దేశంలో చర్చి దాన్ని వాడుకోవడానికి పెద్ద ధైర్యం అక్కర్లేకపోయింది. ఇటలీలో ఫ్రాటెల్లో చెజారే బొనిజ్జి అనే కపుచిన్ సన్యాసి, తెల్లగడ్డం, గోధుమరంగు అంగీతో 2008లో గాడ్స్ ఆఫ్ మెటల్ ఉత్సవంలో పాడాడు. మరుసటి ఏడాది, కీర్తి తనను సోదరుల నుంచి దూరం చేస్తోందని మానేశాడు.

మన దేశంలో చర్చి, గిటార్ కలిసి పెరిగిన చోటు ఈశాన్యం. మేఘాలయ, మిజోరం, నాగాలాండ్‌లలో రాక్ పరాయి సరుకు కాదు. షిల్లాంగ్ డెత్ మెటల్ బ్యాండ్ ప్లేగ్ థ్రోట్ 2014లో జర్మనీలోని వాకెన్ ఉత్సవం దాకా వెళ్లింది. తెలుగు నేల మీద మెటల్ ఉన్నది ప్రధానంగా హైదరాబాద్‌లో, అదీ కొద్దిమందిలో. వాళ్లలో క్రైస్తవ ఇళ్ల పిల్లలు ఉంటే ఇంట్లో వినపడే మాట 'సాతాను' కన్నా 'లోకసంబంధమైన పాటలు' అన్నదే ఎక్కువ. సినిమా పాటకూ, స్లేయర్‌కూ అక్కడ తేడా లేదు. శబ్దానికి మాత్రం తెలుగు సంఘాలు ఎప్పుడూ భయపడలేదు. 'గంభీరధ్వనిగల తాళములతో' అన్న 150వ కీర్తన మాటను సౌండ్ బాక్సుల సాక్షిగా నెరవేరుస్తున్నాయి. పరాయి గిన్నెలో సువార్త పోయడం కూడా పాత అలవాటే. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి భాగవతుల కీర్తన ఒరవడిని తీసుకుని క్రీస్తు మీద కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో అవి నేటికీ పాడుకుంటున్నారు.

మొరకు చోటు ఉందా అంటే, ఏడాదిలో ఒక మధ్యాహ్నం ఉంది. శుభ శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటలను ఒక్కొక్కరు పంచుకుని ధ్యానిస్తారు. నాలుగో మాట ఎవరి వంతు వచ్చినా కొంచెం ఇబ్బందే. 'నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి' అన్నదాన్ని చాలామంది త్వరగా వివరించేసి, ఐదో మాటకు దారి వదులుతారు. మత్తయి అక్కడ రాసింది 'బిగ్గరగా కేకవేసెను' అని.